తూర్పుకు తిరిగిన కంప్యూటరూ, దాని కింద నా డైరీ

మనిషికి పరువు పోవడానికి లోకంలో ఎన్నో సులువైన దారులున్నాయి. బస్సులో నిద్రపోయి ముక్కూమొహం తెలియనివాళ్ళ భుజం మీద వాలిపోవచ్చు. పెళ్ళిభోజనం చేసి ఇంకొకరి చెప్పులు వేసుకుని రావచ్చు. నాకు అవేవీ ఆనలేదు. నేను నా పరువును అంగుళం మందాన బైండు చేయించి, పసుపు కుంకుమలు పెట్టించి, కర్పూర హారతి ఇప్పించి, ఆఫీసు మొత్తం చేతులు జోడించి నిలబడి ఉండగా పోగొట్టుకున్నాను. కారణం ఏమిటంటారా? కంప్యూటర్ తెర మీద బొమ్మ కొంచెం కుడివైపుకు ఒరిగింది. అంతే! నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి. తరువాత ఊపిరి తీసుకోవడానికి సందు దొరకదు.

కొత్త శతాబ్దం మొదలైన రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ, దాని మీద ఆరు నెలల కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి, చిత్తూరు నుంచి రోజూ బస్సెక్కి బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. ఆ ఆఫీసులో ఒక్కటే కంప్యూటర్. దాని మానిటర్ ఇప్పటి పలచని తెరల్లాంటిది కాదు. ముందు చూస్తే పెట్టె, వెనక చూస్తే నెల సరుకుల మూట. ఎత్తడానికి ఇద్దరు కావాలి, ఎక్కడ దించాలో చెప్పడానికి ముగ్గురు.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. నాకు నోట్లో నాలుక ఉందన్న విషయం పళ్ళ డాక్టరుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆఫీసులో నేను మాట్లాడే మాటలు మొత్తం మూడు: “సరే సార్”, “లేదు సార్”, “వస్తాను సార్”. మిగిలినవన్నీ డైరీలో మాట్లాడేదాన్ని. నల్ల రెక్సిన్ అట్ట వేసిన లావుపాటి డైరీ. ప్రతి పేజీలో మూడు గడులు గీసుకునేదాన్ని. మొదటి గడి ‘వాళ్ళన్నది’. రెండోది ‘నేనన్నది’. మూడోది, అసలైనది, ‘అనాల్సింది’.

మచ్చుకు ఒకటి. మా యజమాని చెంగల్రాయులు గారు కాగితం చేతికిచ్చి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి, “ఏం పాపా, అయిపోయినాదా?” అంటారు. ఇది వాళ్ళన్నది. నేనన్నది: “లేదు సార్.” అనాల్సింది: “మామిడికాయకు మాగడానికి వారం రోజులు ఇస్తారు కదా సార్, నాకు రెండు నిమిషాలివ్వలేరా?”

ఇంకొకటి. మేనేజరు వరదరాజులు గారు ఫోనులో మాట్లాడితే గుజ్జు డబ్బాలు అరల్లోనే ఉలిక్కిపడతాయి. “బెంగుళూరు లైను సరిగ్గా లేదమ్మా, కొంచిం గెట్టిగా అరవాల” అంటారు. నేనన్నది: “సరే సార్.” అనాల్సింది: “ఫోను పెట్టేసి కిటికీ తెరవండి సార్. బెంగుళూరుకు నేరుగానే వినపడుతుంది.”

ఇలాంటివి నూట నలభై పేజీలు. అర్థమైంది కదా, ఆ డైరీ ఇంకొకరి చేతిలో పడితే నా గతి ఏమిటో! ఉద్యోగం ఊడటం చిన్న మాట. ఆ దారిలో మళ్ళీ బస్సెక్కడానికి మొహం చెల్లదు.

ఆ ఏడు సీజను అయిపోయినా గోడౌనులో డబ్బాలు కదలలేదు. దసరాకు ముందు వారం చెంగల్రాయులు గారు ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన అరచేతిలో దిక్సూచి పెట్టుకుని, ఆఫీసంతా పిల్లి అడుగులు వేసి, నా కుర్చీ వెనక ఆగారు.

“ఈడ కూసోని పనిచేసేది ఎవురు?”

“ఈ పాపే సామీ” అన్నారు యజమాని.

“ఏ దిక్కు సూస్తా ఉండాది?”

“దచ్చిణం.”

“ఇంగ సరుకు యాడికి పోతాదప్పా? యముడు కొంటాడా మామిడి గుజ్జు? తిప్పండి తూర్పుకు!”

తిప్పారు. బల్ల, కుర్చీ, మూటలాంటి మానిటర్, నేను, అందరమూ కలిసి తూర్పుకు తిరిగాం. స్విచ్చి వేశాను. తెర వెలిగింది. వెలిగిన బొమ్మ గోడ మీద పటానికి ఒక మేకు ఊడినట్టు కుడివైపుకు వాలి ఉంది!

మొదట నా కళ్ళనే అనుమానించాను. తరువాత కుర్చీని. తరువాత ఫ్యాక్టరీ నేలను. కిటికీ చట్రం నిటారుగా ఉంది, గోడ గడియారం నిటారుగా ఉంది. బొమ్మ ఒక్కటే ఒరిగింది.

వరదరాజులు గారు వచ్చి, నేను గీసిన ఎగుమతి పట్టీని తెర మీద చూసి నొసలు ముడిచారు. “ఏందమ్మా ఇది? గీతలన్నీ కొండ దిగతా ఉండాయి.”

“సరే సార్” అన్నాను. భయంలో మొదట నోటికొచ్చేది అదే.

“ఏంది సరే? సక్కంగా గియ్యి!”

సిద్ధాంతి గారు ఇంకా కాఫీ తాగుతూనే ఉన్నారు. ఆయన కూడా ఒక చూపు చూసి తీర్పు చెప్పేశారు. “కుడికి ఒరిగింది గదా, శుభం! ఎడమకి ఒరిగుంటే ఆలోసించాల్సొచ్చేది.”

“శుభమే సామీ” అన్నారు మేనేజరు. “కానీ కొనేవోడు ఈ కాయితం సూసి, తాగి రాసినారనుకుంటే?”

“కాయితంలో సక్కంగానే వస్తాది గదప్పా, అచ్చేసి సూసుకోండి” అన్నారు సిద్ధాంతి.

అదీ నిజమే. కాగితంలో అంతా నిటారుగానే వచ్చింది. కానీ రోజంతా ఆ తెర ముందు కూర్చునేది కాగితం కాదు, నేను! నా మెడ తనంతట తానే కుడివైపుకు వంగి పనిచేయడం నేర్చుకుంది. సాయంత్రం బస్సులో ఎదురుగా కూర్చున్న ముసలాయన నా వైపు జాలిగా చూసి కిటికీ పక్క సీటు ఇచ్చాడు. ఇంటికి వెళితే అమ్మ అడిగింది.

“ఏమ్మే, మెడ అట్ల పెట్టుకోని వచ్చినావు? ఎవురన్నా తిట్టినారా?”

“లేదుమా, కంప్యూటర్.”

“అది తిట్టినాదా?”

వేడి నూనె రాసి, మెడకు తువ్వాలు చుట్టి పడుకోబెట్టింది. పుట్టినప్పటి నుంచీ నేను అలాగే ఉన్నానని మరునాడు ఎవరో కొత్తవాళ్ళు అనుకున్నారట కూడా.

ఇక నా మరమ్మతుల ప్రతాపం వినండి. మానిటర్ వెనక తీగ వదులైందేమోనని ఊడదీసి మళ్ళీ బిగించాను. తెరకు పచ్చకామెర్లు వచ్చినట్టు అంతా పసుపుపచ్చగా మారిపోయింది! మూడుసార్లు ఊడదీసి బిగిస్తే కామెర్లు తగ్గాయి గానీ వాలు తగ్గలేదు. తెర కింద ఉన్న బొత్తాల్లో ఒకటి నొక్కి చూశాను. బొమ్మ మొత్తం బండి కదిలినట్టు కుడివైపుకు జరిగి, సగం అక్షరాలు తెర అంచు దాటి అవతలికి వెళ్ళిపోయాయి. వాటిని బతిమాలి వెనక్కి తెచ్చుకునేసరికి మధ్యాహ్నం అయింది. ఇంక బొత్తాల జోలికి వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టే నన్ను ముంచిందని తరువాత తెలిసింది.

మెకానిక్కును పిలుద్దామని మేనేజరు గారు ఫోను చేస్తే, అతను “వస్తాండా సార్, దావలో ఉండా” అన్నాడు. పండగ అయిపోయేదాకా ఆ దారిలోనే ఉన్నాడు.

“మానిటర్ని పాత దిక్కుకే తిప్పితే…” అని ఒక్కసారి యజమాని గారితో చెప్పాలనిపించింది. గది తలుపు దాకా వెళ్ళాను. ఆయన తల ఎత్తారు.

“ఏం పాపా?”

“లేదు సార్.”

“ఏంది లేదు?”

“వస్తాను సార్.”

నా దగ్గరున్న మూడు మాటల్లో రెండు ఖర్చయ్యాయి, పని కాలేదు. అప్పుడు తట్టింది నాకు ఆ గొప్ప ఆలోచన. బొమ్మ కుడివైపుకు ఒరిగితే, మానిటర్‌నే ఎడమవైపుకు ఒరగబెడితే సరి! కుడిపక్క కింద ఏదైనా ఎత్తు పెట్టాలి. పాత దినపత్రికలు మడిచి పెట్టాను. అద్భుతం! బొమ్మ నిటారుగా నిలబడింది. మానిటర్ మాత్రం పక్కింటి గోడ మీదుగా తొంగిచూస్తున్నట్టు ఉంది, అది వేరే సంగతి. కానీ ఆ బరువుకు కాగితాలు అణిగిపోయి భోజనం వేళకు మళ్ళీ వాలేది. గుజ్జు డబ్బా మూతలు దొంతరగా పెట్టాను. జారి, నేల మీద దొర్లుకుంటూ వెళ్ళి యజమాని గది ముందు గింగిరాలు తిరిగి పడ్డాయి. మళ్ళీ పత్రికలకే వచ్చాను.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ పూజ. బాయిలరు, కాయలు కడిగే తొట్లు, డబ్బాలకు మూత బిగించే యంత్రం, తూకం కాటా, మేనేజరు గారి స్కూటరు, అన్నిటికీ బొట్లు, పూలు. ఆఫీసు ఊడ్చే మంగమ్మక్క తెల్లవారకముందే వచ్చి అన్నీ కడిగి తుడిచింది. ఎంత శుభ్రంగా తుడిచిందంటే, మానిటర్ కింద నా పత్రికల మడత కూడా ఎగిరిపోయింది.

నేను వెళ్ళేసరికి మేనేజరు గారు చేతిలో కాగితంతో సిద్ధంగా ఉన్నారు. “అమ్మా, ఈ ఒక్క పట్టీ కొట్టి ఇచ్చేయ్. పూజయినాక దీన్ని ముట్టుకోగూడదు.”

స్విచ్చి వేశాను. గీతలు కొండ దిగుతున్నాయి. చుట్టూ చూశాను. ఒక్క పత్రిక లేదు. డబ్బా మూతలకు అప్పటికే బొట్లు పెట్టేశారు. టెలిఫోను పుస్తకం పెడితే మానిటర్ బోర్లాపడేంత లావు. భుజానికి ఉన్న సంచిలో చేయి పెట్టాను. నల్ల రెక్సిన్ అట్ట చేతికి తగిలింది. గట్టిది, జారదు, అణగదు, సరిగ్గా కావలసినంత మందం. పది నిమిషాలే కదా!

పెట్టాను. బొమ్మ మిలటరీ జవానులా నిలబడింది. నా జీవితంలో అంత నిటారైన గీతలు అంతకు ముందు చూడలేదు, ఆ తరువాత చూడలేదు. పట్టీ పూర్తిచేసి అచ్చు వేసి మేనేజరు గారికి ఇచ్చి వెనక్కి తిరిగాను.

సిద్ధాంతి గారు నా బల్ల ముందు హారతి పళ్ళెంతో నిలబడి ఉన్నారు.

“తూర్పు సూస్తా ఉండే యంత్రం ఇదొక్కటే. మొదులు దీంతోనే” అన్నారు. క్షణంలో మానిటర్ నుదుటి మీద మూడు బొట్లు పడ్డాయి, మెడలో చామంతి దండ పడింది. ధైర్యమంతా కూడగట్టి, మొదటిసారి నా మూడు మాటల బయట ఒక మాట అన్నాను. “సార్… నా పుస్తకం…”

చెంగల్రాయులు గారు వంగి చూశారు. ముఖం వెలిగిపోయింది. “అబ్బా! పుస్తకం గూడా పూజలో పెట్టినావా పాపా? నాకు తట్టనే లేదు సూడు! సరస్వతి లేని పూజ ఏం పూజ? సామీ, దానికీ రెండు బొట్లు!”

రెక్సిన్ అట్ట అంచుకు పసుపు, దాని మీద కుంకుమ. నా నూట నలభై పేజీల పాపాలకు అక్షింతలు. చుట్టూ అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను, వేరే కారణంతో.

“రేపు మరుపూజ అయ్యేదాకా ఎవురూ ఏదీ ముట్టుకోగూడదు” అని చెప్పి, యజమాని గారు ఆఫీసుకు తాళం వేసి తాళంచెవి రొంటిన దోపుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ నా ముందు బొరుగులు, శనగలు పెడితే, నేను శనగలు లెక్కపెడుతూ కూర్చున్నాను. రాసుకుని బరువు దించుకుందామంటే డైరీ లేదు!

మరునాడు విజయదశమి. మా వైపు ఒక ఆచారముంది. పూజలో పెట్టిన పుస్తకాన్ని మరుపూజ కాగానే తీసి, అందరి ముందూ నాలుగు ముక్కలైనా పైకి చదవాలి. అలా చదివితే ఏడాదంతా చదువు కలిసివస్తుందని. ఆఫీసులో పుస్తకం పెట్టే అలవాటు ఎప్పుడూ లేదు కనుక నాకది గుర్తు రాలేదు. యజమాని గారికి బ్రహ్మాండంగా గుర్తొచ్చింది.

కొబ్బరికాయ కొట్టారు. మానిటర్‌ను ఇద్దరు ఎత్తిపట్టుకుంటే ఆయనే స్వయంగా రెండు చేతులతో డైరీ తీశారు. కళ్ళకద్దుకున్నారు. తెరిచారు. నేను గోడకు ఆనుకున్నాను. గోడ లేకపోతే ఆ రోజు నేను కూడా కుడివైపుకు ఒరిగేదాన్ని.

ఆయన పుస్తకాన్ని దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు, జేబులు తడుముకున్నారు. “అద్దాలు ఇంటికాడ మర్సినా. పాపా, నువ్వే సదువు. నువ్వు పెట్టిందే గదా.”

నా డైరీ నా చేతికి వచ్చింది! ఒక్క అంగలో పారిపోవచ్చు. కానీ తలుపు దగ్గర మంగమ్మక్క, బాయిలరు మనుషులు, లారీ డ్రైవర్లు, అందరూ చెవులు రిక్కించి నిలబడి ఉన్నారు. పేజీ చూశాను. ఆ పేజీలో ఉన్నది వరదరాజులు గారి స్కూటరు మీద నా అభిప్రాయం.

కళ్ళు పేజీ మీదే ఉంచి, నోటికొచ్చింది మొదలుపెట్టాను.

“మామిడికాయ… చెట్టు మీద ఉన్నంతకాలం… తనకు డబ్బా రాసిపెట్టి ఉందని ఎరగదు.”

ఎవరో “ఆహా” అన్నారు. నాకు నేనే ఆశ్చర్యపోయాను. గొంతు కొంచెం పెరిగింది.

“ఒకనాడు లారీ వస్తుంది. ఆ లారీ ఎక్కాక కాయ పండవుతుంది. తొట్టిలో స్నానం చేసి మలినం వదులుతుంది. ఆ తరువాత తొక్కను వదులుతుంది. చివరకు టెంకను కూడా వదులుతుంది. అన్నీ వదిలాక మిగిలేదే గుజ్జు. మానవుడా! నువ్వు కూడా గర్వమనే తొక్కను, కోపమనే టెంకను వదులు. అప్పుడు నీలో మిగిలే తీపిని ఏ ఎండా చెడగొట్టలేదు!”

మంగమ్మక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “ఇన్నేండ్లుగా తొక్కలూడ్సేది నేనే గదమ్మా, ఒగనాడన్నా ఇది తట్టినాదా నాకు?”

“ఉపనిషత్తు మాదిరి ఉండాది” అన్నారు సిద్ధాంతి.

“ఇంగో రెండు ముక్కలు పాపా!” అన్నారు యజమాని.

నేను ఉప్పొంగిపోయాను. డబ్బాకు మూత బిగించడమంటే ఇంద్రియాలను బిగించడమేనని చెప్పాను. బాయిలరు తపస్సు చేస్తోందన్నాను. చేతులు ఊపానో లేదో కూడా గుర్తులేదు. అప్పుడు నా కుడి చెవి వెనక, మెల్లగా, మర్యాదగా ఒక గొంతు వినిపించింది.

“ఆ పేజీ అయిపోయినాదమ్మా. తిప్పు.”

వరదరాజులు గారు! నా భుజం మీదుగా అసలు పేజీని చదువుతున్నారు! ఆయన గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదలు. నేను తిప్పలేదు. డైరీని టపీమని మూసి, “సమాప్తం సార్” అన్నాను.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే మీకు ఇంత దూరం చెప్పేదాన్ని కాదు. డైరీని సంచిలో వేసుకోబోతుంటే యజమాని గారు శుభమా అని కంప్యూటర్ స్విచ్చి వేయించారు. కింద డైరీ లేదు కదా, బొమ్మ నిదానంగా కుడివైపుకు ఒరిగి వెలిగింది.

“నిన్న సక్కంగా ఉన్నింది గదా!”

“అవును సార్” అన్నారు ఎవరో. “నిన్న ఆ పుస్తకం ఉన్నింది.”

“పెట్టండి సూస్తాం!” నా సంచిలోంచి డైరీ మళ్ళీ మానిటర్ కిందికి వెళ్ళింది. బొమ్మ లేచి నిటారుగా నిలబడింది. తీశారు, ఒరిగింది. పెట్టారు, లేచింది. మూడోసారికి బాయిలరు మనుషులు చప్పట్లు కొట్టారు.

“సూసినావా సామీ మహిమ!” యజమాని గారికి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. “ఇది ఈడ్నుంచి కదలగూడదు!” పసుపు దారం తెప్పించి, నా డైరీని మానిటర్ పాదానికి మూడు చుట్లు చుట్టి కట్టించారు.

“సార్, వేరే పుస్తకం పెడితే…”

“దేవుని పటం మారుస్తారా పాపా ఎవురన్నా?”

అలా నా రహస్యాలన్నీ నా కళ్ళ ముందే, చేతికి జానెడు దూరంలో, దారంతో కట్టేసి ఉండగా ఎనిమిది రోజులు పనిచేశాను. మంగమ్మక్క రోజూ దానికి పువ్వు పెట్టేది. సంతకం కోసం వచ్చిన లారీ డ్రైవర్లు దానికి దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. నేను ఐదింటి బస్సుకు వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళేదాన్ని, బడిలో బిడ్డను వదిలిన తల్లిలా.

శుక్రవారం అసలు పిడుగు పడింది. యజమాని గారు నా బల్ల దగ్గరికి వచ్చి, “పాపా, సోమారం మద్రాసు నుంచి సరుకు కొనేవాళ్ళు వస్తా ఉండారు. ఆ గుజ్జు సంగతి వాళ్ళకు గూడా సదివి వినిపించల్ల. అదే పేజీ, అవే మాటలు” అన్నారు.

అవే మాటలా! తొక్క ముందు వదిలిందా, టెంక ముందు వదిలిందా, నాకే గుర్తులేదు! పైగా ఈసారి ఆయన అద్దాలు మరిచిపోతారన్న నమ్మకం ఏముంది?

ఆ రోజు నాలో ఏదో తెగింపు వచ్చింది. ఈ డైరీ తిరిగి నా చేతికి రావాలంటే ఒక్కటే దారి. బొమ్మ దానంతట అది నిటారుగా నిలబడాలి. మానిటర్ వచ్చిన అట్టపెట్టె బీరువా మీద ఉంది. మంగమ్మక్క అందులో చీపుళ్ళు, కర్పూరం పొట్లాలు దాచుకునేది. దించి, అడుగున చూస్తే, ప్లాస్టిక్ కవరు కూడా చింపని చిన్న పుస్తకం ఒకటి. చిత్తూరు లైబ్రరీలో తెలుగు నవలల అరలు రెండు ఖాళీ చేసినదాన్ని నేను. బస్సు టిక్కెట్టు వెనక అక్షరాలు కూడా వదలనిదాన్ని. రోజూ ఎదురుగా కూర్చునే యంత్రం పుస్తకం ఒక్కటి తెరవలేదు!

అందులో ఉంది. పదకొండో పేజీలో. తెరను ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు తిప్పితే భూమి అయస్కాంత శక్తి వల్ల బొమ్మ కొంచెం ఒరగవచ్చునట! సిద్ధాంతి గారి అరచేతిలో ముల్లును తిప్పినది ఏదో, నా బొమ్మను ఒరగబెట్టిందీ అదే! సరిచేయడానికి ముందువైపు బొత్తాల్లోనే దారి ఉంది. మొదటిది నొక్కితే గుర్తుల వరుస వస్తుంది. అందులో వాలిన పెట్టె బొమ్మ ఉన్న గుర్తును ఎంచుకుని, కూడిక, తీసివేత బొత్తాలతో తిప్పుకోవడమే.

శ్రీహరికోటలో రాకెట్టు వదిలేవాళ్ళకు కూడా అంత చెమట పట్టి ఉండదు. నొక్కాను. బొమ్మ కదిలింది! ఇంకోసారి. ఇంకోసారి. డైరీ ఇంకా కిందే ఉంది కనుక ఈసారి బొమ్మ ఎడమవైపుకు ఒరిగింది. సరిగ్గా నాకు కావలసినంత! అప్పుడు నేను, “సరే సార్” అనే నేను, ఆఫీసు అదిరేలా కేక పెట్టాను.

“సార్! బొమ్మ అటు ఒరిగింది సార్!”

చెంగల్రాయులు గారు పరుగున వచ్చారు. వెనకే వరదరాజులు గారు.

“ఎడమకా!” యజమాని గారి ముఖం పాలిపోయింది.

“పుస్తకం పని అయిపోయింది సార్. ఇంక తీసేయమంటోంది” అన్నాను. ఇంత పెద్ద అబద్ధం ఇంత నిటారుగా నిలబడి చెప్పడం నా జీవితంలో మొదటిసారి.

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశారు. దారం విప్పి డైరీ బయటికి తీశారు. మానిటర్ కిందికి దిగింది, బొమ్మ నిటారుగా నిలిచింది. డైరీని తమలపాకుల మీద పెట్టి రెండు చేతులతో నాకిచ్చారు. “జాగ్రత్తగా పెట్టుకో పాపా” అన్నారు. వరదరాజులు గారు ఎందుకో కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గారు.

గెలిచాను! ఐదింటి బస్సులో కిటికీ పక్క కూర్చుని, డైరీని గుండెకు హత్తుకుని, ఎనిమిది రోజుల ఆకలితో తెరిచాను.

ఇరవయ్యో పేజీలో ఎర్ర సిరా కనిపించింది. వరదరాజులు గారు ఎవరు రాసిన కాగితమైనా దిద్దకుండా వదలరు. ‘మేనేజరు గారి క్యారియరులో ఏడు ఇడ్లీలు’ అన్న నా వాక్యంలో ఏడు కొట్టేసి, పైన ‘అయిదు’ అని రాసి ఉంది. పక్కన, ‘మిగిలిన రెండు మంగమ్మకు.’ దాని కింద ఆయన పొట్టి సంతకం. స్కూటరు పేజీలో, ‘ఇది నిజమే.’ మళ్ళీ సంతకం. ఇంకో పేజీ మూల కుంకుమ వేలిముద్ర ఉంది. మంగమ్మక్కకు చదువు రాదు. అంటే ఎవరో చదివి వినిపించారన్నమాట! మా ఆఫీసు హాజరుపట్టీ కూడా అన్ని చేతులు మారి ఉండదు.

మామిడికాయ మాగడానికి వారం పడుతుందన్న చోట, లావుపాటి పెన్సిలు అక్షరాలు: ‘ఇంక అడగను పాపా.’

బస్సు చిత్తూరు చేరుకుంటుండగా చివరి పేజీ తిప్పాను. అదే పెన్సిలు, పేజీ నిండా. ‘ఆ పొద్దు నువ్వు సదివిన గుజ్జు సంగతి ఈ పుస్తకంలో యాడా లేదు. అద్దాలు పెట్టుకోని మూడు మాట్లు ఎతికినాను. అందుకే ఇంగోసారి సదవమన్నా. రాసి పెట్టు, బాగుండాది. సోమారం ఆలస్యంగా రావద్దు.’

కనుక సహృదయులైన పాఠకులారా, చిత్తూరు బస్టాండులో ఆగిన బస్సులో, కండక్టరు “దిగమ్మా” అని మూడుసార్లు అరిచినా దిగకుండా కూర్చుని, నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఈ భూమి మీద ఏ తెర ఏ దిక్కుకు ఒరిగినా, ముందు దాని పుస్తకం చదువుతాను. నా పుస్తకాన్ని దాని కింద పెట్టను. మెడ శాశ్వతంగా వంగిపోయినా సరే, పెట్టను. ఇది నా స్వహస్తాలతో రాసి, సంతకం చేస్తున్నాను, ఎవరైనా ఎర్ర సిరాతో దిద్దేలోపు.